ఎడమ చెయ్యి ఎత్తిన పిల్ల

మూడో రోజు కూడా ఆ తెల్లకాగితం డైనింగ్ టేబుల్ మీద తెల్లగానే ఉంది.

గురువారం సాయంత్రం దాన్ని అక్కడ పెట్టింది లీలావతి. గాలికి ఎగరకుండా పైన ఆవకాయ జాడీ మూత, పక్కన కొత్త పెన్ను. శుక్రవారం ఆ పెన్నుతో ఆమె భర్త ప్రకాశరావు పేపర్లో పదవినోదం నింపుకున్నాడు. శనివారం మధ్యాహ్నం అత్తగారు కృపావరమ్మ పొయ్యి మీది పప్పుచారు గిన్నె తెచ్చి సరిగ్గా ఆ కాగితం మీదే దించింది.

“అత్తయ్యగారూ! అది జెస్సీ ఉత్తరం రాయాల్సిన కాగితం!”

“ఉత్తరవా? దాని మీద ఏవీ లేదుగా. ఖాళీ కాయితవే గదాని పెట్టా.”

గిన్నె ఎత్తి చూస్తే కాగితం నిండా గుండ్రంగా మసి. లీలావతి దాన్ని ఉండచుట్టి పారేసి లోపలికి వెళ్లి ఇంకోటి తెచ్చింది. ఆ ఇంట్లో కాగితాలకి కొదవలేదు. ఒక టీచరూ ఒక ఆఫీసు సూపరింటెండెంటూ కాపురం చేస్తున్న ఇల్లది.

జెస్సీ అదేమీ పట్టనట్టు అన్నం కలుపుకుంటోంది. తొమ్మిదో క్లాసు పిల్ల. మూడు రోజులుగా తల్లితో చెప్పాల్సినవన్నీ మామ్మతో చెబుతోంది.

“మామ్మా, పెరుగుందేమో కనుక్కో.”

“మీ అమ్మ పక్కనే ఉందిగదే.”

“అందుకే నిన్ను కనుక్కోమంటున్నా.”

లీలావతి పెరుగు గిన్నె కూతురి ముందుకి తోసింది. “సోమవారం పొద్దున అసెంబ్లీలో చదవాలి. ఇవాళ శనివారం. ఇంకెప్పుడు రాస్తావ్?”

జెస్సీ పెరుగు గిన్నెలో గరిటె తిప్పుతోంది.

“నాలుగు లైన్లు జెస్సీ. ఎడమ చెయ్యి ఎత్తమని మాకెవరూ చెప్పలేదు, నేనే అల్లరికి అలా అన్నాను, క్షమించండి. అంతే కదా. చెయ్యి అరిగిపోదు.”

“మామ్మా, ఎవరూ చెప్పలేదంట. విన్నావా?” అంది జెస్సీ పెరుగు వేసుకుంటూ.

చదివేవాళ్లు లీలావతి మీద జాలిపడటానికి తొందరపడక్కర్లేదు. ఆ పిల్ల బళ్లో చెప్పింది అక్షరాలా నిజం. ఎడమ చెయ్యి ఎత్తమని చెప్పింది సాక్షాత్తూ లీలావతే.

లీలావతి పనిచేసే కాన్వెంటు బళ్లో ఈ ఏడు ‘వివేక మార్గం’ అని కొత్త కార్యక్రమం మొదలుపెట్టారు. పన్నెండు ఆలోచనా అలవాట్లు, వాటికి జతగా పన్నెండు ఆత్మీయ విలువలు. తొందరపడకుండా ఆలోచించడానికి జత ఓర్పు. ఎదుటివాళ్ల మాట వినడానికి జత ప్రేమ. ఆశ్చర్యపడటానికి జత స్తుతి. ప్రశ్నించడానికి జత వినయం. అన్నీ రంగుల ఛార్టు మీద రాయించి వరండాలో కట్టారు.

ఆ ఛార్టు తయారుచేసినవాళ్లెవరో పిల్లల్ని ప్రేమించినవాళ్లే అయ్యుండాలి. పాపం, అది బందరు చేరేసరికి ‘జతపరచుము’ అయింది. అర్ధసంవత్సర పరీక్షలో అయిదు మార్కులకి ఇచ్చారు. ఆశ్చర్యపడటంలో జెస్సీకి సి గ్రేడు వచ్చింది.

ఈ వైభవం చూడటానికి మదర్ ప్రొవిన్షియల్ వస్తున్నారని కబురొచ్చింది. ఆ సిస్టర్ల బడులన్నిటికీ ఆమే పెద్ద. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ లూర్దు, కార్యక్రమం ఇన్‌ఛార్జి లీలావతిని పిలిచి రెండు ముక్కలు చెప్పింది. పిల్లలు తమంతట తామే ప్రశ్నలు అడగాలి. అందరి చేతులూ లేవాలి.

తమంతట తామే అడగాల్సిన ప్రశ్నలు లీలావతి ముప్పై తయారుచేసింది. జవాబులు కూడా తయారుచేసి, మాటకి రెండుసార్లు చొప్పున చెప్పి, కామాలతో సహా రాయించింది. జెస్సీ వాళ్ల క్లాసులో నలభై రెండు మంది. ప్రశ్న ఉన్న ముప్పై మందీ కుడి చెయ్యి ఎత్తాలి. లేని పన్నెండు మందీ ఎడమ చెయ్యి ఎత్తాలి. వచ్చినావిడకి చేతుల అడవి కనపడుతుంది, టీచరు మాత్రం కుడి చేతుల్లోంచే ఏరుకుంటుంది. ఈ విద్య లీలావతి కనిపెట్టింది కాదు. చల్లపల్లిలో ఆమె అయిదో క్లాసు చదివేటప్పుడు ఇన్‌స్పెక్టర్ వస్తే వాళ్ల మాస్టారు చేయించిందే. ఆ రోజు లెక్కల్లో లీలావతి ఎత్తింది ఎడమ చెయ్యి.

అయితే మదర్ ప్రొవిన్షియల్ కూడా ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషేనన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆలోచనా అలవాట్ల కోసం అంత కష్టపడిన బళ్లో ఆ ఒక్క ఆలోచన ఎవరికీ రాలేదు. అనూష అనే పిల్ల అడిగిన మొదటి ప్రశ్న విని, ఆమె తిన్నగా చివరి బెంచీ దాకా నడిచి, గాల్లో ఉన్న ఒక ఎడమ చెయ్యి పట్టుకుంది.

“నీ ప్రశ్నేంటమ్మా?”

“నాకు ప్రశ్న లేదు మదర్.”

“మరి చెయ్యెందుకు ఎత్తావ్?”

“ఇది ఎడమ చెయ్యి మదర్. ప్రశ్న ఉన్నవాళ్లు కుడి చెయ్యి, లేనివాళ్లు ఎడమ చెయ్యి ఎత్తమన్నారు.”

“ఎవరు?”

“మా మేడం.”

మేడం బోర్డు పక్కనే ఉంది, చేతిలో చాక్‌పీస్‌తో. అది ఆ మేడం కన్నకూతురని మదర్‌కి తెలియదు. తెలిసినవాళ్లంతా నేల చూపులు చూశారు. మదర్ నవ్వలేదు, కోప్పడలేదు. జెస్సీ చేతిని మెల్లగా కిందికి దించి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుని, ఆమె కోసం చేయించిన కొరమీను పులుసు కూడా రుచి చూడకుండా కారెక్కి వెళ్లిపోయింది.

అప్పటినుంచీ ఈ తెల్లకాగితం. జెస్సీ అల్లరికి అలా అన్నానని రాసి, అందరిముందూ చదవాలి. ఒక కాపీ మదర్‌కి పంపుతారు. రాయకపోతే వచ్చే ఏడు మీ సంగతి నేనేం చెప్పలేను లీలావతిగారూ అంది సిస్టర్ లూర్దు. పద్నాలుగేళ్ల ఉద్యోగం.

“నీకు నా మీద కోపమైతే నన్ను తిట్టు,” అంది లీలావతి. కంచాలు తీస్తోంది. “సొంత కూతురికి ప్రశ్న ఇచ్చిందనే మాట రాకూడదని నీకివ్వలేదు. అదేనా నీ బాధ?”

జెస్సీ ఈసారి మామ్మ వైపు చూడలేదు. తిన్నగా తల్లి మొహంలోకే చూసింది.

“అది కాదు దాని బాధ,” అంది కృపావరమ్మ. “అదేదో చీటీ రాసి ఆ పెట్టెలో వేసిందంటగా. నువ్వు చించావంట.”

లీలావతి చేతిలో కంచాలు ఆగాయి.

ప్రశ్నల పెట్టె అని ఒకటి క్లాసులో పెట్టారు. తాళంచెవి లీలావతి దగ్గర. తెరిచి చూస్తే అందులో పడ్డ చీటీ ఒక్కటే. మనం వినయంగా ఉన్నామని మనకి తెలిస్తే అది ఇంకా వినయమేనా? పేరు లేదు. పేరెందుకు, కూతురి చేతిరాత తల్లికి తెలియదా? లీలావతి కుర్చీలో కూర్చుని పావుగంట ఆలోచించింది. జవాబు దొరకలేదు. జవాబు రాయలేని ప్రశ్న లిస్టులో పెట్టొద్దని సిస్టర్ చెప్పి ఉంది. చీటీ నాలుగు ముక్కలైంది.

“చెత్తబుట్టలో చూశాను,” అంది జెస్సీ, ఎవరితోనో చెబుతున్నట్టు. లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది.

కాగితం మీద ఆవకాయ జాడీ మూత మళ్లీ ఎక్కింది.

*

ప్రకాశరావు డ్రాఫ్టుకి లొంగని సమస్య ఈ ప్రపంచంలో ఉందంటే నమ్మడు. సాయంత్రానికి మూడు డ్రాఫ్టులు తయారుచేశాడు. మొదటిదాన్లో జెస్సీ పశ్చాత్తాపపడుతుంది. రెండోదాన్లో చింతిస్తుంది. మూడోదాన్లో, ఇందుమూలముగా తెలియజేసుకుంటుంది.

“మూడోది బాగుంది,” అన్నాడు. “ఇందులో తప్పు ఒప్పుకున్నట్టూ ఉండదు, ఒప్పుకోనట్టూ ఉండదు.”

“పద్నాలుగేళ్ల పిల్ల అలా రాస్తుందా అండీ?” అంది లీలావతి.

“ఏం, నీ ప్రశ్నలు పద్నాలుగేళ్ల పిల్లలు అడిగేట్టున్నాయా?”

అతను వేళాకోళానికే అన్నాడు. ఆ మాట ఎక్కడ తగిలిందో చూసుకునేంత ఓపిక అతనికి ఎప్పుడూ లేదు. ఆదివారాలు చర్చి పాటల బృందంలో ముందు వరసలో నిలబడి, గొంతు తగ్గకుండా, ఏ పక్కకీ ఒరక్కుండా పాడతాడు. ఇంట్లోనూ అంతే, ఏ పక్కకీ ఒరగడు.

గేటు చప్పుడైంది. వచ్చినాయన ఈశ్వరప్రసాద్, అనూష తండ్రి. మొవ్వ దగ్గర పొలాలు, బందరులో ట్రాక్టర్ల షోరూము, బళ్లో తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షుడు. ప్రకాశరావు బనీను మీద చొక్కా తొడుక్కునేలోపే వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

“మీ అమ్మాయి మీద నాకేం కోపం లేదండీ. చిన్నపిల్ల,” అని మొదలుపెట్టాడు. “కానీ మా అనూష ఆ ప్రశ్న వారం రోజులు ప్రాక్టీసు చేసిందండీ, అద్దం ముందు నిలబడి. అడిగేటప్పుడు ఆశ్చర్యపోతున్నట్టు మొహం ఎలా పెట్టాలో వాళ్లమ్మ సరళ దగ్గరుండి నేర్పించింది. పిల్ల ఎంత బాగా ఆశ్చర్యపోయిందో మీరూ చూశారుగా మేడంగారూ.”

“చూశానండీ. చాలా బాగా చేసింది,” అంది లీలావతి.

“ఇప్పుడందరూ దొంగ ప్రశ్న అంటున్నారంట. పిల్ల సరిగ్గా తిండి తినట్లేదు. ఆ ఉత్తరం చదివేస్తే మా అమ్మాయి మాటా నిలబడుద్ది, మీ ఉద్యోగమూ నిలబడుద్ది. అయినా మీవాళ్లకి అలాంటి బళ్లో ఉద్యోగాలు ఊరికే రావు కదండీ. వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండాలి.”

లోపలి గదిలోంచి కృపావరమ్మ గొంతు వినిపించింది. “మావాళ్లంటే?”

ఈశ్వరప్రసాద్ సర్దుకుని కూర్చున్నాడు. “అదేనండీ మామ్మగారూ. టీచర్లు.”

“ఓహో, టీచర్లా. నేనింకా ఏవోననుకున్నా.”

ప్రకాశరావు గట్టిగా దగ్గాడు. ఇలాంటి చోట దగ్గడం అతనికి బాగా అలవాటు. “కాఫీ తీసుకోండి సార్, చల్లారిపోతుంది,” అన్నాడు.

“వద్దండీ. ఇప్పుడే తాగొచ్చాను.”

జెస్సీ అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటోంది. వచ్చి ఆ కప్పు తీసుకుని, ఆయన ఎదురుగానే నిలబడి, తాపీగా తాగేసింది.

“అంకుల్ మనింట్లో ఏదీ తాగరు మామ్మా,” అంది లోపలికి వినపడేట్టు. “పోయినేడు వచ్చినప్పుడు కూడా ఇప్పుడే తాగొచ్చారు.”

ఈశ్వరప్రసాద్ నవ్వాడు. అలాంటి వాళ్ల నవ్వు చూడముచ్చటగా ఉంటుంది, పళ్లు తప్ప మొహంలో ఏదీ కదలదు. వెళ్తూ వెళ్తూ ప్రకాశరావు భుజం తట్టి, “పిల్లకి తెలివుందండీ, కాస్త దారిలో పెట్టుకోండి,” అన్నాడు.

కారు వీధి మలుపు తిరిగేదాకా ప్రకాశరావు గేటు పట్టుకునే ఉన్నాడు. లోపలికొచ్చి, “ఎంత మర్యాదస్తుడో చూశావా! స్వయంగా ఇంటికొచ్చాడు,” అన్నాడు.

లీలావతి అతని వైపు చూసింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె అతన్ని చాలా రకాలుగా చూసింది, అసహ్యంతో చూడటం మాత్రం ఇదే మొదలు. ఆ చూపు అతనికి అర్థం కాలేదు. ఆమెకే అర్థమైంది. తనూ ఆయన ముందు అరగంట సేపు తలూపుతూనే కూర్చుంది. చాలా బాగా చేసిందని మెచ్చుకుంది కూడా.

*

ఆదివారం చర్చి నుంచి వచ్చి చేపల కూరతో భోజనాలు చేశాక, ఎవరూ ఊహించనిది జరిగింది. జెస్సీ వచ్చి డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, జాడీ మూత తీసి పక్కన పెట్టింది. పెన్ను మూత తీసింది.

“రాస్తాను,” అంది.

లీలావతి చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి వచ్చింది. మూడు రోజుల తర్వాత కూతురు తనతో అన్న మొదటి మాట. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకు తెలుసమ్మా. నువ్వు మంచి పిల్లవి. మమ్మీ పరిస్థితి నీకు...”

“మీరు చెప్పండి మేడం. రాసుకుంటాను.”

బళ్లో మేడం, ఇంట్లో మమ్మీ. ఆరో క్లాసులో చేరినప్పుడు తల్లీకూతుళ్లు పెట్టుకున్న ఒప్పందం. ఇంట్లోకి ఆ మాట ఎప్పుడూ రాలేదు.

“జెస్సీ, ఇంట్లో అదేంటి?”

“ఇది బడి పనే కదా మేడం. చెప్పండి.”

ప్రకాశరావు ఉత్సాహంగా మూడో డ్రాఫ్టు తెచ్చాడు. జెస్సీ అటు చూడలేదు. “మేడం చెప్పిందే రాస్తాను డాడీ. క్లాసులో ప్రశ్నలు కూడా అలాగే రాశారు.”

గోడవార మంచం మీద కూర్చున్న కృపావరమ్మ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ అంది, “చెప్పు లీలా, చెప్పు. అలవాటైన పనేగా. దివిసీమలో ఉప్పెన పోయాక ఫొటోలు తియ్యడానికి ఎవరెవరో వచ్చారు. నేనప్పుడు మీ ఆయన్ని చంకనేసుకుని మట్టిదిబ్బ మీద కూచున్నా. ఏడుపు అప్పటికే అయిపోయింది. మళ్లీ ఒకసారి ఏడవమ్మా, ఫొటోకి అన్నాడొకడు.”

“ఏడ్చావా మామ్మా?” అంది జెస్సీ.

“ఏడ్చానే. బియ్యం ఇస్తారేమోనని.”

కృపావరమ్మ కళ్లజోడు పెట్టుకుంది. వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టు కాక కొట్టుకుంటోంది.

లీలావతి గొంతు సర్దుకుంది. క్లాసులో డిక్టేషన్ చెప్పేటప్పుడు ఆమెకి వేరే గొంతు ఉంది. నిదానంగా, ప్రతి ముక్కా రెండుసార్లు, వెనక బెంచీల దాకా వినపడేట్టు. ఆ గొంతు ఎవరో అరువిచ్చినట్టు దానంతటదే వచ్చింది. సొంత గొంతుతో ఆ మాటలు చెప్పగలిగేదా అంటే చెప్పలేకపోయేది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

“గౌరవనీయులైన సిస్టర్ గారికి... గౌరవనీయులైన సిస్టర్ గారికి, కామా.”

జెస్సీ వంచిన తల ఎత్తకుండా రాసుకుపోతోంది.

“ఎడమ చెయ్యి ఎత్తమని మాకెవరూ చెప్పలేదు... మాకెవరూ చెప్పలేదు, ఫుల్‌స్టాప్. కొత్త పేరా.”

పావుగంటలో పని అయిపోయింది. రాత ముత్యాల్లా ఉందని దూరం నుంచే మురిసిపోయాడు ప్రకాశరావు. అటువైపు నుంచి వచ్చి, కాగితం అందుకుని, మూడు మడతలు పెట్టి కవర్లో దూర్చి గమ్ముతో అంటించేశాడు. ఆఫీసులో పంపాల్సిన ఉత్తరం చేతికొచ్చిందంటే చదవడం కన్నా ముందు అంటించడం అతని అలవాటు.

“నేనొకసారి చూడనా?” అంది లీలావతి.

“చూడటానికేముంది, నువ్వు చెప్పిందేగా,” అన్నాడతను.

నిజానికి ఆమెకీ చూడాలని లేదు. ఫోన్ తీసి సిస్టర్ లూర్దుకి చేసింది. “రాసింది సిస్టర్. లేదు లేదు, తప్పుల్లేవు. నేనే దగ్గరుండి రాయించాను.”

జెస్సీ కుర్చీ జరిపి లేచింది. “థ్యాంక్యూ మేడం,” అని, క్లాసు అయిపోయాక పిల్లలు అన్నట్టే అని, లోపలికి వెళ్లిపోయింది.

*

సోమవారం అసెంబ్లీలో ఆ వారపు అలవాటు చదివారు. తప్పుల నుంచి నేర్చుకోవడం. జత, పశ్చాత్తాపం. ఛార్టు ప్రకారం వరసలో వచ్చిందే తప్ప ఎవరూ కావాలని పెట్టింది కాదు. సిస్టర్ లూర్దు మాత్రం దాన్ని దేవుని చిత్తమే అనుకుంది.

సిస్టర్ లూర్దు చెడ్డ మనిషి కాదు. పెడన నుంచీ చల్లపల్లి నుంచీ బస్సుల్లో వచ్చే పిల్లలు టిఫిన్ తినకుండా వస్తారని పొద్దున్నే బన్నులు తెప్పించి పెట్టే మనిషి. ఆ ఛార్టుని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. నమ్మింది కాబట్టే, అది పనిచెయ్యడం లేదని పైవాళ్లకి తెలియకూడదనుకుంది. ఇలాంటి నమ్మకం ఉన్నవాళ్లతోనే మనకి ఎక్కువ ప్రమాదం.

“జెస్సీ తన మనసులో మాట మనతో పంచుకుంటుంది,” అంది మైకులో.

టీచర్ల వరసలో ఆరో మనిషి లీలావతి. కొత్త ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. పిల్లల వరసల్లో అనూష ముందే ఉంది. దగ్గర్నుంచి చూస్తే ఆ పిల్ల మొహం పీక్కుపోయి ఉంది. తిండి తినట్లేదన్న మాట ఒక్కటీ ఈశ్వరప్రసాద్ నిజమే చెప్పాడు.

జెస్సీ మెట్లెక్కి, కవరు చించి, కాగితం విప్పింది. తొణక్కుండా, స్పష్టంగా మొదలుపెట్టింది.

“గౌరవనీయులైన సిస్టర్ గారికి గౌరవనీయులైన సిస్టర్ గారికి కామా.”

ఎవరో కిసుక్కుమన్నారు. జెస్సీ ఆగలేదు.

“ఎడమ చెయ్యి ఎత్తమని మాకెవరూ చెప్పలేదు మాకెవరూ చెప్పలేదు ఫుల్‌స్టాప్ కొత్త పేరా. నేనే అల్లరికి అలా అన్నాను అల్లరికి అలా అన్నాను కామా నన్ను మనసారా మనసారా క్షమించమని కోరుతున్నాను ఫుల్‌స్టాప్ కింద సంతకం తేదీ వెయ్యాలి ఎడంపక్కన.”

నవ్వు వెనక వరసల్లోంచి ముందుకి పాకింది. ఆరో క్లాసు పిల్లలకి అర్థం కాలేదు గానీ పెద్దక్కలు నవ్వుతున్నారని వాళ్లూ నవ్వారు. తొమ్మిదో క్లాసు మాత్రం నవ్వలేదు. ఆ గొంతు వాళ్లకి తెలుసు. ముప్పై ప్రశ్నలూ ఆ గొంతుతోనే రాసుకున్నారు.

లీలావతి చేతిలోని హాజరు పుస్తకాన్ని గట్టిగా పట్టుకుంది. పక్కనున్న డ్రాయింగ్ టీచరు కుమారి మొహం తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికో, జాలిపడో, ఏదైతేనేం.

సిస్టర్ లూర్దు మైకు లాక్కుంది. “నవ్వెందుకు? ఏముందిందులో నవ్వడానికి? ఒకమ్మాయి ధైర్యంగా తప్పు ఒప్పుకుంటే నవ్వుతారా?” ఆపాలని ఉంది, ఎలా ఆపాలో తోచలేదు. తోచకపోతే బళ్లో అందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. “జెస్సీ ఈ మాటలు తనంతట తనే రాసిందని నమ్మేవాళ్లు చెయ్యెత్తండి.”

ముందు వరసలో అనూష కుడి చెయ్యి లేచింది. దాని వెనక ఇంకొకటి. ఎనిమిదో క్లాసు, ఏడో క్లాసు. చూస్తుండగానే గ్రౌండంతా చేతులు. అన్నీ కుడి చేతులే. మంచి క్రమశిక్షణ గల బడి అది, ఎవరొచ్చి చూసినా మెచ్చుకుంటారు.

సిస్టర్ లూర్దు ఊపిరి పీల్చుకుంది. “టీచర్లు కూడా,” అంది.

టీచర్ల వరసలోనూ చేతులు లేచాయి. ఒకటి, రెండు, మూడు. అయిదో చెయ్యి కుమారిది.

లీలావతి తన కుడి చేతిని ఎత్తుదామనే అనుకుంది. ఆ చేతిలో హాజరు పుస్తకం ఉంది. దాన్ని రెండో చేతిలోకి మార్చుకుంటే సరిపోయేది. ఇన్నేళ్లూ అలా మార్చుకుంటూనే వచ్చింది. చల్లపల్లి బళ్లో మాస్టారు బెత్తం పట్టుకుని తిరుగుతుంటే, లెక్క రాక, నోరెండిపోయి చెయ్యెత్తి కూర్చున్న అయిదో క్లాసు పిల్ల ఎందుకో గుర్తొచ్చింది. ఆ పిల్లని చూస్తే జాలి కలగలేదు. సిగ్గేసింది.

పుస్తకం మార్చుకోలేదు. ఎడమ చెయ్యి ఎత్తింది.

“లీలావతి మేడం!” మైకు దూరంగా పెట్టడం మర్చిపోయింది సిస్టర్ లూర్దు. ఆ పిలుపు గోడ అవతల రోడ్డు మీదికి కూడా వినిపించింది. “అదేంటి?”

“ఎడమ చెయ్యి సిస్టర్,” అంది లీలావతి. డిక్టేషన్ గొంతు కాదు, ఆమెదే, బొంగురుగా ఉంది. ఒక్కసారే అంది. “నేనే నేర్పాను.”

నాలుగు వందల తలలు ఒక్కసారిగా టీచర్ల వరస వైపు తిరిగాయి. ఎత్తిన కుడి చేతులు దించాలో అలాగే ఉంచాలో తెలియక సగం గాల్లోనే ఆగిపోయాయి.

మెట్ల మీద జెస్సీ కాగితాన్ని వెనకటి మడతల మీదే మడుచుకుంటోంది. తల్లి మాట ఆమెకి వినపడింది. చేతులు ఒక్కసారి ఆగాయి కూడా. కానీ ఆ గ్రౌండులో ఇటు తిరగనిది జెస్సీ ఒక్కతే.